తెలిసిన గొంతే కదా అని నమ్మకండి

విత్తనాల సంచి కొనేటప్పుడు మీరు ఏం చేస్తారు? లేబులు చూస్తారు. లాటు నంబరు చూస్తారు. బిల్లు రాయించుకుంటారు. సంచి మీద బొమ్మ ఎంత బాగున్నా లోపలి గింజ ఎలాంటిదో పొలంలో పడ్డాక గాని తెలియదని నకిలీ విత్తనాలు మనకు నేర్పాయి. చాలా ఖరీదైన చదువు అది. ఇప్పుడు ఫోనులో వినిపించే గొంతు విషయంలోనూ అలాంటి జాగ్రత్తే అవసరం వచ్చిపడింది. వినిపించేది మీ అల్లుడి గొంతులాగే ఉంటుంది. మాట్లాడేవాడు మాత్రం మీ ఊరివాడు కాదు, జిల్లావాడు కాదు, ఒక్కోసారి మన దేశంవాడు కూడా కాదు.

కృత్రిమ మేధ అనీ, ఏఐ అనీ ఈమధ్య తరచుగా వింటున్నారు కదా. చదవడం, రాయడం, బొమ్మ గీయడం, మాట్లాడటం వంటి మనిషి పనుల్ని కంప్యూటరు చేత చేయించే విద్య అది. దానితో మేలూ ఉంది. పీఎం కిసాన్ డబ్బు ఎందుకు ఆగిందని రైతు అడిగితే జవాబు చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో కిసాన్ ఈ-మిత్ర అనే ఏర్పాటు చేసింది. అది నడిచేది ఈ విద్య మీదే. కాబట్టి పేరు వినగానే బెదిరిపోనక్కరలేదు. అయితే అదే పనిముట్టు దొంగల చేతికీ చేరింది. ఈ వారం మాట్లాడుకోవలసింది ఆ సంగతి.

వరంగల్లు వాసి నేరెళ్ళ వేణుమాధవ్ గారిని మనలో పెద్దవాళ్ళు చాలామంది ఎరుగుదురు. మిమిక్రీ అంటే ఆయనే. ఒక్క నోటితో ఎందరి గొంతులో పలికించారు. అందుకోసం జీవితమంతా సాధన చేశారు. ఇప్పుడు యంత్రానికి అంత సాధన అక్కర్లేదు. మనిషి గొంతు మూడు సెకన్లు వినిపిస్తే చాలు, అదే గొంతుతో ఏ మాటైనా పలికించవచ్చని 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ కంపెనీ పరిశోధకులు ప్రకటించారు. మూడు సెకన్లంటే ఎంత? "హలో, ఎవరండీ, వినపడటం లేదు" అనేంత సేపు. మీ పిల్లవాడు ఫేస్‌బుక్కులో పెట్టిన ట్రాక్టరు వీడియోలో అంతకన్నా ఎక్కువే మాట్లాడి ఉంటాడు.

గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరులో మనల్ని విడిచి వెళ్ళారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' అనే తెలుగు సినిమాలో ఆయన గొంతును అనుమతి లేకుండా ఏఐతో పుట్టించారంటూ కుమారుడు చరణ్ గారు లీగల్ నోటీసు పంపారు. పక్కనే తమిళనాడులో, 2018లో కన్నుమూసిన కరుణానిధి గారు 2024 జనవరిలో ఒక పుస్తకావిష్కరణ సభలో తెరమీద కనిపించి ప్రసంగించారు. అది ఏఐ బొమ్మ అని అక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి దాన్ని మోసం అనలేం. కానీ పోయినవాళ్ళనే మాట్లాడించగలిగినప్పుడు బతికున్న మీ అల్లుణ్ణి మాట్లాడించడం ఎంత పని?

దొంగలు ఆ పని చేశారు కూడా. 2023 జూలైలో కేరళలోని కోజికోడ్‌లో ఒక రిటైర్డు ఉద్యోగికి వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. కనిపించిన ముఖం ఒకప్పుడు తనతో కోల్ ఇండియాలో పనిచేసిన ఆంధ్రప్రదేశ్ మిత్రుడిది. ఆ మిత్రుడు కుశలం అడిగాడు, ఇద్దరికీ తెలిసిన స్నేహితుల పేర్లు చెప్పాడు. తాను దుబాయి విమానాశ్రయంలో ఉన్నానని, ఇక్కడ దగ్గరి బంధువుకు ఆపరేషనుకు వెంటనే రూ. 40,000 కావాలని అన్నాడు. ఈయన పంపేశాడు. కాసేపటికి మరో రూ. 35,000 అడిగేసరికి అనుమానం వచ్చి, తన దగ్గరున్న పాత నంబరుకు ఫోను చేశాడు. అసలు మిత్రుడికి ఈ సంగతే తెలియదు. వెంటనే ఫిర్యాదు చేయడంతో పోలీసులు ఆ డబ్బును పట్టుకోగలిగారు.

చదువురాని వాళ్ళే మోసపోతారని మనలో ఒక అభిప్రాయం ఉంది. ఈయన చదువుకున్నవాడు, ఉద్యోగం చేసినవాడు. హాంకాంగ్‌లో ఇంకా పెద్దది జరిగింది. 2024 మొదట్లో బయటపడిన ఆ కేసులో ఒక ఇంజినీరింగు కంపెనీ ఉద్యోగి, పై అధికారులు వీడియోలో కనిపించి చెప్పారని 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపించాడు. వీడియోలో కనిపించిన అధికారులంతా యంత్రం తయారుచేసిన బొమ్మలు. కాబట్టి రైతు మోసపోతే "నీకు బుద్ధి లేదా" అని తిట్టే బ్యాంకు సిబ్బంది, కొడుకులు, కోడళ్ళు కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలి. ఆ తిట్లకు భయపడే కదా చాలామంది డబ్బు పోయిన రోజు చెప్పకుండా వారం తర్వాత చెబుతున్నారు.

తెలుగు రాని దొంగ రోజులు పోయాయి

ఇంతకాలం మనల్ని కొంతవరకు కాపాడింది మన తెలుగే. జార్ఖండ్‌లోని జామ్‌తాడా వైపునుంచి ఫోను చేసేవాడికి హిందీయే వచ్చేది. లేదా "మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయింది, నెంబర్ చెప్పు" అని వచ్చీరాని తెలుగు మాట్లాడేవాడు. ఆ మాట వినగానే మన అవ్వలు కూడా "నీ బ్యాంకూ వద్దు, నువ్వూ వద్దు" అని ఫోను పెట్టేసేవాళ్ళు. మెసేజీలూ అంతే, తెలుగు అక్షరాలు తప్పుల తడకగా ఉండేవి. చూడగానే అనుమానం వచ్చేది.

ఇప్పుడు తెలుగు ముక్క రానివాడు కూడా యంత్రం చేత చక్కని తెలుగు రాయించగలడు. సర్కారు కాగితం తీరులో "ఇందుమూలముగా తెలియజేయునది" అని రాయమంటే రాస్తుంది. "అన్నా, బాగున్నవా, చేను ఎట్లున్నది" అని మొదలుపెట్టమంటే అలాగే మొదలుపెడుతుంది. మాట్లాడమంటే మాట్లాడుతుంది. భాష బాగుంది గనక మనవాడే అనుకునే లెక్క ఇక చెల్లదు. యంత్రం గొంతు కాస్త చప్పగా ఉంటుందనీ, వీడియోలో ముఖమైతే కళ్ళు ఆర్పదనీ గుర్తుపట్టే చిట్కాలు చెప్పేవారున్నారు. వాటిని నమ్ముకోవద్దు. ఆ లోపాలు ఏడాదికేడాదికి తగ్గిపోతున్నాయి. పైగా పొలం గట్టు మీద, సిగ్నలు సరిగ్గా లేని చోట, కొడుకు ఏడుస్తున్నాడని విన్న తండ్రి కళ్ళు ఆర్పాడా లేదా అని చూస్తాడా?

డబ్బు పడే తేదీ వాడికీ తెలుసు

రెండు మూడు ఎకరాల రైతుకు ఏడాది పొడుగునా డబ్బు రాదు. పీఎం కిసాన్ రూ. 6,000 మూడు కిస్తులుగా వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ సాయం వస్తుంది. పంట రుణం వస్తుంది. వడ్లు అమ్మినా, సీసీఐకి పత్తి అమ్మినా డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఇవన్నీ ఎప్పుడు పడతాయో పేపర్లలో, టీవీల్లో ముందే చెబుతారు. దొంగకు మన ఇల్లు తెలియనక్కరలేదు, ఆ తేదీ తెలిస్తే చాలు. అందుకే సరిగ్గా ఆ రోజుల్లోనే "మీ కిస్తు ఆగిపోయింది, ఈ యాప్‌లో వివరాలు నింపండి" అని మెసేజీ వస్తుంది. కింద ఒక ఫైలు ఉంటుంది. పేరు చివర 'ఏపీకే' అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. దాన్ని నొక్కి ఫోనులోకి ఎక్కించుకున్నారో, మీకు వచ్చే ఓటీపీ మెసేజీలు మీకన్నా ముందు వాడు చదువుతాడు. అంతటితో ఆగదు. మీ వాట్సాప్ నుంచి మీ ఊరి గ్రూపులకూ, బంధువులకూ అదే ఫైలు మీ పేరుతో పోతుంది. వాళ్ళు "ఫలానా మామ పంపాడు కదా" అని నొక్కుతారు. తెలిసిన నంబరు నుంచి వచ్చిందన్న ధీమా కూడా ఇక్కడ పనికిరాకుండా పోయింది.

బొమ్మలు కూడా అంతే. ఒకే చెట్టుకు రంగురంగుల కాయలు, ఇటుకంత టమాటా, ఒక్క మొక్కకు బుట్టెడు మిరపకాయలు చూపించి విత్తనాలు అమ్ముతామనే ప్రకటనలు ఫోనులో తిరుగుతున్నాయి. అలాంటి బొమ్మల్ని యంత్రం నిమిషంలో గీస్తుంది. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని రాయబరేలీ జిల్లాలో ఒక పాడి రైతు యూట్యూబ్‌లో గేదెను చూసి రూ. 10,000 అడ్వాన్సు పంపి పోగొట్టుకున్నాడు. అప్పుడైతే వీడియో తీయడానికి ఎక్కడో ఒక గేదె ఉండాలి. ఇప్పుడు అదీ అక్కర్లేదు. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు ఫలానా పథకంలో డబ్బు పెట్టమని చెబుతున్నట్టు తయారుచేసిన వీడియోలు నకిలీవని 2025లో కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ప్రకటించవలసి వచ్చింది. మంత్రులు ఫోనులోకి వచ్చి లాభాలు చూపిస్తున్నారంటే అనుమానించండి.

ఫోను పెట్టేయండి, మీరే చేయండి

ఇన్ని చెప్పి రైతును భయపెట్టడం నా ఉద్దేశం కాదు. వీటిలో చాలావాటికి విరుగుడు ఒక్కటే, ఖర్చు లేనిది. డబ్బు మాట గాని, ఓటీపీ మాట గాని రాగానే, ఆ గొంతు ఎవరిదైనా సరే, ఫోను పెట్టేయండి. తర్వాత మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. వాడు ఇచ్చిన కొత్త నంబరుకు వద్దు. వాట్సాప్‌లోనూ వద్దు, మామూలు ఫోను చేయండి. కోజికోడ్‌లో ఆయన మిగతా డబ్బును కాపాడుకున్నది అలాగే.

వినడానికి ఇది తేలికే గాని మన ఇళ్ళల్లో కష్టమని నాకు తెలుసు. అల్లుడు మాట్లాడుతుంటే మధ్యలో ఫోను ఎలా పెట్టేస్తాం? బావగారు ఏమనుకుంటారో! ఆఫీసరు గారు కోప్పడితే? మన మర్యాదే దొంగకు పెట్టుబడి. అందుకని ఈ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. "డబ్బు సంగతి వస్తే నేను పెట్టేసి మళ్ళీ చేస్తాను, ఏమీ అనుకోకండి" అని ఈ పండక్కి బంధువులు వచ్చినప్పుడే అందరికీ చెప్పేయండి. ఆ తర్వాత ఎవరూ నొచ్చుకోరు.

ఇంకో పని కూడా చేయవచ్చు. ఇంటివాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న అనుకోండి. మనం అమ్మేసిన ఎర్ర ఎద్దును ఏమని పిలిచేవాళ్ళం? మేనత్త మంచం ఏ గదిలో ఉండేది? ఇలాంటిది. ఫోనులో ఎక్కడా రాయనిదీ, ఫేస్‌బుక్కులో పెట్టనిదీ అయి ఉండాలి. కొడుకు గొంతుతో ఏడ్చేవాడికి ఎర్ర ఎద్దు పేరు తెలియదు. జగిత్యాల, నిజామాబాద్, కడప వంటి జిల్లాల్లో పిల్లలు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళవాళ్ళు ఇది తప్పక చేయాలి. మస్కట్‌లో కొడుకును పోలీసులు పట్టుకున్నారని అర్ధరాత్రి ఫోను వస్తే అక్కడికి వెళ్ళి చూసి రాలేరు కదా. కొడుకుతో పాటు గదిలో ఉండేవాళ్ళ నంబర్లు రెండు తీసుకుని ఇక్కడ కాగితం మీద రాసి పెట్టుకోండి.

పోలీసు, సీబీఐ, కోర్టు పేరు చెప్పి "నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు, ఫోను ముందునుంచి కదలకు" అనేవాడు వందకు వంద దొంగే. ఫోనులో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఈ సంగతి విడమర్చి చెప్పారు.

పీఎం కిసాన్ ఆగిందని మెసేజీ వస్తే ఆ మెసేజీని వదిలేసి మీ ఏఈఓ దగ్గరికి వెళ్ళండి. ఆంధ్రాలో అయితే రైతు సేవా కేంద్రానికి వెళ్ళండి. పీఎం కిసాన్ వాళ్ళ సొంత నంబరు 155261. పంట సంగతులకైతే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551. యాప్ ఏదైనా ప్లేస్టోర్ నుంచే, అదీ తెలిసినవారి చేత, పేరు సరిచూసుకుని ఎక్కించుకోండి. డబ్బు మనకు రావడానికి పిన్ నొక్కవలసిన పని ఎప్పుడూ ఉండదు. ఇంకొకటి, పంట రుణం, పంట అమ్మిన డబ్బు పడే ఖాతాకు ఫోన్‌పే, గూగుల్‌పే తగిలించకండి. వాటికోసం విడిగా చిన్న ఖాతా తెరిచి రెండు మూడు వేలు మాత్రం అందులో ఉంచుకోండి. పోయినా అంతవరకే పోతుంది. ఎరువుల కొట్టుకు వెళ్ళేటప్పుడు జేబులో మొత్తం డబ్బు పెట్టుకుని వెళ్తామా?

రైతుకు చెబితే సరిపోతుందా?

ఇక్కడ సర్కారువాళ్ళకూ, బ్యాంకులవాళ్ళకూ రెండు మాటలు చెప్పాలి. ఒక చేత్తో లింకులు నొక్కవద్దు, ఓటీపీ చెప్పవద్దు అంటారు. ఇంకో చేత్తో ప్రతిదానికీ యాప్, ప్రతిదానికీ ఓటీపీ పెడతారు. 2025లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాటు బుక్ చేసుకోవాలన్నారు. స్మార్టుఫోను లేని రైతు ఎవరి ఫోనో పట్టుకుని, ఎవరికో ఓటీపీ చెప్పి నమోదు చేయించుకున్నాడు. నిన్న చెప్పమన్నదీ, ఇవాళ చెప్పవద్దన్నదీ ఒకటే ఓటీపీ అయితే రైతు ఏది తప్పో, ఏది ఒప్పో ఎలా తేల్చుకోవాలి? ఎన్నికలు వస్తే నాయకులు యంత్రం గొంతుతో పేరు పెట్టి పిలిచి ఓటు అడుగుతున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలో చాలాచోట్ల అది జరిగింది. యంత్రం గొంతును నమ్మడం జనానికి అలవాటు చేసింది దొంగలొక్కరే కాదు.

దొంగ కొట్టేసిన డబ్బు ఎగిరిపోదు. ఎవరిదో ఒకరి బ్యాంకు ఖాతాలో పడి, అక్కడినుంచి ఇంకో పది ఖాతాలకు పోతుంది. ఆ ఖాతాల్లో కొన్ని మన ఊళ్ళ కుర్రాళ్ళవే. నాలుగైదు వేలకు ఆశపడి పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరికో ఇచ్చేస్తారు. తర్వాత పోలీసులు వచ్చేది ఆ కుర్రాడి ఇంటికే. ఇలాంటి ఖాతాలను కనిపెట్టడానికి మ్యూల్ హంటర్ అనే ఏఐ పనిముట్టు గురించి 2024 డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు ప్రకటించింది. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దొంగ ఖాతాలను పట్టుకోవడానికి ఏఐని ఎందుకు వాడటం లేదని రిజర్వు బ్యాంకును అడిగింది. సరైన ప్రశ్న. మూడేళ్ళుగా రెండు వేలు, ఐదు వేలు తిరిగిన రైతు ఖాతా నుంచి రాత్రి పదకొండింటికి లక్ష రూపాయలు ఊరూ పేరూ తెలియని ఖాతాకు పోతుంటే ఒక్క క్షణం ఆపి, ఆ రైతుకు ఫోను చేసి అడగడం బ్యాంకుకు అంత కష్టమా? పంట రుణం బాకీ ఉంటే ఫోను చేయడం వాళ్ళకు బాగానే వచ్చు.

డబ్బు పోతే మొదటి గంటే విలువైనది. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతూ ఆ గంట పోగొట్టుకోవద్దు. 1930 నంబరుకు ఫోను చేయండి. దేశమంతటికీ అదే నంబరు. డబ్బు ఇంకా దొంగ ఖాతాలో ఉంటే అక్కడికక్కడే ఆపించే వీలుంది. మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ టైముకు పోయింది, డబ్బు పోయినట్టు వచ్చిన మెసేజీలోని పన్నెండు అంకెల నంబరు చేతిలో పెట్టుకుని మాట్లాడండి. ఏపీకే ఫైలు నొక్కి ఉంటే ముందు మీ ఫోనులో నెట్ ఆపేసి, పక్కింటివాళ్ళ ఫోను నుంచి చేయండి. ఆ వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా ఆపించండి. ఓటీపీ మనమే చెప్పి పోగొట్టుకున్నా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరులో ఉంది. అందుకని ఎన్ని గంటలకు చెప్పారో, ఎవరికి చెప్పారో, వాళ్ళిచ్చిన ఫిర్యాదు నంబరు ఎంతో పాసుపుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి. తెల్లారి బ్యాంకు తెరవగానే ఆ పుస్తకం తీసుకుని వెళ్ళి ఒక దరఖాస్తు రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.